లాగర్ రీడింగులు దించుకునే ముందు జాగ్రత్తలు

గుణుపురం, పర్లాకిమిడి వైపు వాతావరణ లాగర్లు (వాన లాంటివి వాటంతటవే కొలిచి నమోదు చేసే పరికరాలు) చూసుకునే మనవాళ్ల కోసం ఇవి. వానలు ముదరకముందే చూసుకోండి.

– ముందు లాగర్ గడియారం. ఫోన్ టైంతో సరిపోల్చండి. యూటీసీలో (ప్రపంచమంతటికీ ఉమ్మడి టైం) పెట్టి ఉంటే మన టైంకన్నా 5:30 గంటలు వెనక చూపిస్తుంది. మన దేశంలో రోజు వర్షపాతాన్ని ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా లెక్కిస్తారు. యూటీసీలో అది 03:00. ఇక్కడ తేడా వస్తే వంశధార పొంగిన రోజు వాన ఇంకో తేదీలో చేరుతుంది. అన్నిటికన్నా నాకు భయం దీని గురించే.

– అసలు ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి, రోజు, నెల తారుమారై జులై 5 కాస్తా మే 7 అయిపోవచ్చు. కాపీ తీసుకుని దాని మీదే పని చేయండి. తేదీలు 2024-07-05 08:30 పద్ధతిలో ఉంటే ఏ గొడవా ఉండదు.

– ఫైలులో విలువల మధ్య కామా ఉందా, ట్యాబా చూసుకోండి. టీఓఏ5 (కొన్ని లాగర్లు వాడే ఫైలు పద్ధతి) ఫైలైతే పైన 4 వరుసలు హెడరే, రీడింగులు కావు.

– రీడింగు లేనిచోట సున్నా వేయకండి. వాన పడకపోవడం వేరు, లాగర్ కొలవకపోవడం వేరు. -9999 లాంటివి (రీడింగు లేదని చెప్పే గుర్తులు) కనబడితే సగటు కట్టకముందే తీసి పక్కన పెట్టండి.

– ఊరి పేర్లు ఒడియాలోనో తెలుగులోనో ఉంటే అక్షరాలు చెడకుండా యూటీఎఫ్-8లోనే (అన్ని లిపులకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్) సేవ్ చేయండి.