ఎలుకల మందు పెట్టేటప్పుడు కుక్కలను, నెమళ్లను ఎలా కాపాడుకోవాలి?

నల్లగొండ బత్తాయి తోటల్లో, మహబూబ్‌నగర్ వేరుశనగ చేలల్లో ఎలుకల కోసం పెట్టే మందు ఎలుకతోనే ఆగిపోదు. గట్ల మీద పడిన నూకలను నెమళ్లు, కౌజు పిట్టలు ఏరుకుంటాయి. మందు తిని చచ్చిన ఎలుకను కావలి కుక్కో, గుడ్లగూబో తింటుంది. గుడ్లగూబ, జెర్రిపోతు ఎలుకలను తిని మన పంటను కాపాడే జీవాలు. వాటిని చేజేతులా పోగొట్టుకోకూడదు.

ఇంటి పెరట్లో మందు జోలికి పోకుండా బోను పెట్టుకోవడమే మేలు. చేనులో తప్పదనుకుంటే, సాయంత్రం బొరియలన్నిటినీ మట్టితో మూసి, మర్నాడు తెరుచుకున్న వాటిలోనే ఎర పెట్టాలి. జింక్ ఫాస్ఫైడ్ వాడేవారు ముందు ఒకటి రెండు రోజులు మందు లేని నూకలను అలవాటు చేసి, ఆ తర్వాత 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందును చేతికి తగలకుండా కర్రతో కలిపి, 10 గ్రాముల చొప్పున కాగితపు పొట్లాలు కట్టాలి. పొట్లాన్ని బొరియ లోపలికంటా తోసి, మూతిని మట్టితో కప్పాలి. చాలామంది తొందరలో వదిలేసేది ఈ పనినే. పక్షికి, కుక్కకు ఎర అందకుండా ఆపేది కూడా ఇదే. పని జరిగినన్ని రోజులు కుక్కను కట్టేసి ఉంచాలి.

తర్వాత ప్రతి ఉదయం చేనంతా తిరిగి, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చాలి. బ్రోమడయొలోన్ అనే మరో ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు తిరిగి ఎక్కడో పడిపోతుంది. కాబట్టి ఆ మందు వాడినప్పుడు వారం దాటినా వెతుకుతూనే ఉండాలి.

మిగతా మందుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. గుళికలను, మందు పట్టించిన విత్తనాలను మట్టి పైన మిగలనివ్వకూడదు. పూత మీదున్న తోటకు పగలు మందు కొడితే తేనెటీగలు చస్తాయి. స్ప్రేయర్‌ను చెరువులో, కుంటలో కడగకూడదు. ఖాళీ డబ్బాలో పశువులకు నీళ్లు పెట్టడం ఎంతమాత్రం తగదు. మందు కొట్టిన చెట్ల కింది గడ్డిని, లేబుల్‌పై రాసిన గడువు తీరేదాకా మేకలకు మేపకూడదు.

కుక్క మందు తిన్నదని అనుమానం కలిగితే పాలు, నూనె, ఉప్పునీళ్లు బలవంతంగా పోయకుండా వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. పశువులకైతే 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. బ్రోమడయొలోన్ తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగానే కనిపించి, ఆ తర్వాత చిగుళ్ల నుంచి, మలంలో రక్తం పోవడం మొదలవుతుంది కాబట్టి, బాగానే ఉంది కదా అని ఆగకూడదు. మందు ప్యాకెట్‌ను వెంట తీసుకుపోవాలి: బ్రోమడయొలోన్‌కు విటమిన్ కె1, మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందుకు అట్రోపిన్ ఇస్తారు, జింక్ ఫాస్ఫైడ్‌కు మాత్రం ప్రత్యేకమైన విరుగుడు లేదు. నెమలి పడిపోయి కనిపిస్తే, అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న పక్షి కనుక, దాచిపెట్టకుండా అటవీ సిబ్బందికి తెలపాలి.