కుదురులేని పిల్లలకు నూనె మర్దనా ఎలా చేయాలి?

మే నెలలో మా కావలిలో రాత్రి ఎనిమిదైనా గోడలు వేడి కక్కుతూనే ఉంటాయి. ఆడి ఆడి వచ్చిన పిల్లోడు అలిసిపోయినా పడుకోడు. మంచం మీద గంతులు, చెల్లెల్ని గిల్లడం. "అరికాళ్లకు నూనె రాయవే, వాడే పడుకుంటాడు" అనేది మా అమ్మమ్మ.

ఎండాకాలం కొబ్బరినూనె హాయి. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా నేను గానుగ నువ్వుల నూనె వాడతాను. బల అనే మొక్క వేరు, ఆవుపాలు, నువ్వుల నూనెతో కాచే క్షీరబలా తైలం ఆయుర్వేద దుకాణాల్లో దొరుకుతుంది. అది వైద్యుణ్ణి అడిగే వాడండి. ఆవనూనె లేత చర్మానికి మంట. కర్పూరం కలిసినవి అసలు వద్దు, అది ఒంట్లోకి పోతే చిన్నపిల్లలకు ఫిట్స్ రావచ్చు. ఘాటుగా ఉంది కదా, మంచిదేలే అని నేనొకసారి ఒక కొట్లో కొని రాశాను. అరగంటలో వాడి ఛాతీ నిండా ఎర్రటి దద్దుర్లు! సీసా తిప్పి చూస్తే కర్పూరం పేరు ఉండనే ఉంది. అప్పట్నుంచీ ఏ కొత్త నూనైనా మోచేతి మడతలో ఒక చుక్క రాసి, ఒకరోజు ఆగి చూస్తాను.

నూనె స్టవ్ మీద పెట్టకండి. వేడినీళ్లలో నూనె గిన్నె ఉంచితే చాలు. మీ మణికట్టు మీద చుక్క వేసుకుంటే చురుక్కుమనకూడదు.

అన్నం తిన్న వెంటనే చేయొద్దు. జ్వరం, జలుబు, అజీర్తి, ఒంటి మీద పుండ్లు ఉన్న రోజు మానేయండి.

నేల మీద పాత చీర పరిచి కూర్చోబెట్టండి. నూనె కాళ్లతో టైల్స్ మీద పరిగెత్తితే అంతే సంగతులు. టీవీ ఆపండి, మీ ఫోన్ కూడా. "కాళ్లా, వీపా?" అని వాణ్ణే అడగండి. వద్దంటే బలవంతం వద్దు.

అరికాలితో మొదలుపెట్టండి. మడమ నుంచి వేళ్ల దాకా బొటనవేలితో మెల్లగా, కాస్త గట్టిగానే నొక్కుతూ పోవాలి. ముట్టీ ముట్టనట్టు రాస్తే చక్కిలిగింతలు పుట్టి కథ మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కో కాలివేలినీ పట్టి మెల్లగా తిప్పండి, తర్వాత పిక్కలు. వీపు మీద వెన్నెముకను వదిలేసి, దానికి అటూ ఇటూ పైనుంచి కిందికి రాయండి. తలకు ఒక చెంచా సరిపోతుంది. పసిబిడ్డలకు మాడు మెత్తగా ఉంటుంది, అక్కడ నొక్కకూడదు.

తలకూ చెవులకూ పాదాలకూ నూనె మరీ ముఖ్యమని వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో చెప్పాడు. చెవులంటే పిల్లలకు తమ్మెలు చాలు. చెవిలో, ముక్కులో పోయొద్దు. ఈ ఒక్క విషయంలో మా అమ్మమ్మ మాట నేను వినలేదు.

మొత్తం పావుగంట పని. ఒళ్లంతా రాస్తే కాసేపాగి గోరువెచ్చటి నీళ్లు, పెసరపిండితో స్నానం చేయించండి. రాత్రి అరికాళ్లకే అయితే గుడ్డతో తుడిచేస్తే సరి. రోజూ అదే వేళకు చేయడం ముఖ్యం. మావాడు నాలుగోరోజు తనే గిన్నె తెచ్చి కాలు చాపాడు.

ఇది మందు మాత్రం కాదు. ఇంట్లోనూ బళ్లోనూ నెలల తరబడి ఒకచోట కూర్చోలేకపోతుంటే, చదువూ నిద్రా దెబ్బతింటుంటే పిల్లల డాక్టరుకు చూపించండి. అప్పుడు కూడా నూనె రాస్తూ కూర్చోకండి.