మీ ఊరి శాసనం మీరే చదవాలంటే

మా కడప జిల్లాలో చాలా ఊళ్లలో గుడి ముందరో చెరువు కట్ట మీదో ఒక రాతి పలక నిలబడి ఉంటుంది. మా ఊరి పలకకు మా తాత ఎనుములను కట్టేసేవాడు. దాని మీద రాత ఉందని నాకు తెలిసింది ముప్పై ఏళ్లు దాటాకే.

మిట్టమధ్యాహ్నం పోతే ఏమీ కనబడదు. పొద్దున్నే పోండి, ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడాలి. లేదంటే రాత్రి పోయి సెల్‌ఫోన్ టార్చి రాతికి ఆనించి పక్కనుంచి కొట్టండి. గుంటల్లో నీడ పడి అక్షరం లేచి నిలబడుతుంది. మెత్తటి గుడ్డతో దుమ్ము దులిపితే చాలు. సుద్దముక్కతో మాత్రం దిద్దొద్దు. దిద్దితే మీరనుకున్న అక్షరమే మిగులుతుంది, రాతి మీది అక్షరం కాదు.

పైన సూర్యచంద్రులుంటే అది దానశాసనం కావచ్చు. వాళ్లున్నంత కాలం ఈ దానం చెల్లాలని అర్థం. తర్వాత 'శకవర్షంబులు' అనే మాట వెతకండి. ఆ అంకెకు 78 కలిపితే ఇప్పటి క్యాలెండరు సంవత్సరం వస్తుంది. మా పలక మీద 1450, సర్వధారి అని ఉంది. 78 కలిపితే 1528, అంటే కృష్ణదేవరాయల చివరి రోజులు. సర్వధారి 2008లో వచ్చింది కదా, అక్కణ్ణుంచి అరవై అరవై వెనక్కి పోతే సరిగ్గా 1528 తగులుతుంది. రెండూ కలవకపోతే అంకె తప్పు చదివారేమో, మళ్లీ పోయి చూడండి. చివర్లో శాపం ఉంటుంది, ఈ మాన్యం కాజేసినోడు గంగ ఒడ్డున గోవును చంపిన పాపాన పోతాడని. నాకు అన్నిటికన్నా ఇష్టం అదే.

మరీ పాతదైతే పట్టుబట్టొద్దు. యర్రగుంట్ల దగ్గర కలమళ్లలో రేనాటి చోళ రాజు ధనంజయుడి శాసనం ఉంది, సుమారు 575 నాటిది. భాష తెలుగే, లిపి మాత్రం నాకు ఒక్క ముక్క అంతుపట్టలేదు.

తర్వాత కడపలో సీపీ బ్రౌన్ గ్రంథాలయానికి పోండి. కాలిన్ మెకంజీ అనే ఇంగ్లీషు సర్వే అధికారి మనుషులు రెండు వందల ఏళ్ల కిందట ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, అడగండి. ఊరి పేరు ఇప్పటిలాగే ఉంటుందనుకోవద్దు. చుట్టుపక్కల ఊళ్లవీ తిరగేయండి.

ఇవన్నీ తర్వాతైనా పరవాలేదు, ఫోటోలు మాత్రం ఈ వారమే తీయండి, పక్కన స్కేలు పెట్టి. కిందటేడు గుడి రిపేరులో మా పలకకు పచ్చ ఎనామిల్ పెయింటు కొట్టేశారు. ఆ 1450 ఇప్పుడు నా ఫోన్‌లోనే ఉంది.