గాలి కొట్టే చెలకలో ఏ పండ్ల మొక్కలు పెట్టాలి?

మా చెలక కల్వకుర్తి వైపు, చుట్టూ ఏ అడ్డమూ లేని మిట్ట మీద ఉంది. ఇలాంటి చోట మొక్కలు పెట్టేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఒకటే: గాలి వచ్చే నెలల్లో ఆ చెట్టు మీద ఏముంటుంది? ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో గాలి దుమారం లేస్తుంది. మృగశిర కార్తె వచ్చినాక ఆగస్టు దాకా పడమటి గాలి వదలదు. ఆ రోజుల్లో చెట్టు కాయ బరువుతో ఉండకూడదు.

ఈ లెక్కన నేను మొదట పెట్టమనేది సీతాఫలమే. బాలానగర్ రకం మన పాలమూరుదే, ఎర్ర చెలకకు అలవాటు పడ్డది. ఎండలకు ఆకు రాలుస్తుంది కాబట్టి దుమారానికి దొరికేది తక్కువ. దసరా, దీపావళి నాటికి గాలి తగ్గినాక కాయ చేతికొస్తుంది.

తర్వాత రేగు. దీని కొమ్మలు ఎండాకాలంలోనే కత్తిరిస్తాం, పండ్లు సంక్రాంతి అటూ ఇటూ వస్తాయి. వీలైతే నర్సరీ అంటు తేకుండా గుంతలోనే నాటు రేగు గింజ వేయండి. కాండం పెన్సిల్ మందం అయినాక గోలా, ఉమ్రాన్ లాంటి మంచి రకం కన్ను (కొమ్మ మీది మొగ్గ) దాని మీద కట్టించండి. కదిలించని మొక్క తల్లివేరు మొరంలోకి నేరుగా దిగుతుంది, గాలికి అంత తేలిగ్గా పక్కకు ఒరగదు.

జామ కొనేటప్పుడు అది ఎలా కట్టిన అంటో అడగండి. గాలి అంటుకు, అంటే చెట్టు మీదే కొమ్మకు వేర్లు పుట్టించి కోసిన మొక్కకు, తల్లివేరు ఉండదు, వేర్లు పైపైనే పాకుతాయి. విత్తు మొక్క మీద కట్టిన అంటు మేలు. రెండు, రెండున్నర అడుగుల దగ్గర తల తుంచి, వెడల్పుగా విచ్చుకున్న మూడు నాలుగు కొమ్మలే ఉంచండి. ఇరుకు పంగ ఉన్న కొమ్మ కాయ పడ్డనాడు గాలికి చీలిపోతుంది. దానిమ్మ గుబురుగా నిలబడుతుంది కానీ, దాని ముళ్లే కాయను గీరి మచ్చలు పెడతాయి. ఇంట్లో తినడానికైతే ఫర్వాలేదు.

బొప్పాయి, అరటి ఈ మిట్ట మీద వద్దు. ఉసిరి కొమ్మ పెళుసు, కాయతో ఉన్నప్పుడు పుటుక్కున విరుగుతుంది. నల్లగొండ వాళ్లకు బత్తాయి మీద మనసు పోతుందని తెలుసు. అయితే సంవత్సరం మొదట్లో పూసిన కాయ ఆగస్టు, సెప్టెంబరు దాకా చెట్టు మీదే ఉంటుంది, అంటే గాలికాలమంతా. గట్టి అడ్డం ఉంటేనే పెట్టండి.

ఆ అడ్డం గోడ కాకూడదు. గోడను దాటిన గాలి ఇవతల సుడి తిరిగి ఇంకా గట్టిగా కొడుతుంది. సగం గాలిని పోనిచ్చే పచ్చని కంచె కావాలి. పడమర, నైరుతి వైపు సరుగుడు గానీ గ్లైరిసిడియా (గిరిపుష్పం) గానీ ఒక వరుస, దాని ముందు వాక్కాయ. వాక్కాయ ముళ్లకు మేకలు రావు, పచ్చడికి కాయలూ వస్తాయి. కంచె ఎత్తుకు దాదాపు పదింతల దూరం వరకు దాని అండ ఉంటుంది.

నర్సరీలో ఎత్తు చూసి మొక్క కొనొద్దు. పొట్టిగా, కాండం లావుగా ఉన్నది తీసుకోండి. కవర్ అడుగున వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటే వద్దనండి. గుంత 2 అడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉండాలి. మొరం తగిలితే గడ్డపారతో పగలగొట్టించండి. వానలు పడి నేల బాగా తడిసినాక నాటండి.

పడమటి పక్కన కర్ర పాతి, మోకాలి ఎత్తున పాత నూలు చీర పేలికతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. పైభాగం ఊగనివ్వాలి, ఊగితేనే కాండం ముదురుతుంది. గట్టి గాలి వీచిన మర్నాడు మొదలు దగ్గర వంగి చూడండి. కాండం చుట్టూ మట్టి విడిపోయి వేలు పట్టేంత సందు కనబడితే లోపల పిల్లవేర్లు తెగుతున్నట్టే. అప్పుడే మట్టి వేసి మడమతో అదిమి, నీళ్లు పోసి, పైన ఎండు గడ్డి కప్పండి. రెండో వానాకాలానికి మొక్క తనంతట తాను నిలబడితే కర్ర తీసేయండి, లేకపోతే పేలిక కాండంలోకి కోసుకుపోతుంది.