పద్నాలుగో సవరణ ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే

పౌరసత్వానికీ, చట్టం ముందు సమానత్వానికీ హామీ ఇచ్చే అమెరికా రాజ్యాంగ పద్నాలుగో సవరణ 1868 జులై 9న ఆమోదం పొందింది. దాన్ని చదివేవారు మొదటి నుంచి చివరి దాకా ఒకే ప్రశ్న వేసుకోవాలి: నల్లజాతీయులకూ సమాన పౌర హక్కులిచ్చే పౌర హక్కుల చట్టం 1866 ఏప్రిల్‌లోనే అమల్లోకి రాగా, రాజ్యాంగాన్నే సవరించవలసిన అగత్యం ఏమిటి?

జవాబు కోసం ముందుగా 1865 చివర్లో దక్షిణాది రాష్ట్రాలు నల్లజాతీయులను కట్టడి చేయడానికి తెచ్చిన చట్టాలు, అంటే 'బ్లాక్ కోడ్స్' తిరగేయాలి. బానిసత్వం రద్దవుతున్న ఆ రోజుల్లోనే మిసిసిపీ చేసిన చట్టం ప్రకారం, ఏటా జనవరిలో ప్రతి నల్లజాతీయుడూ తనకు పని ఉన్నట్టు రాతపూర్వక ఆధారం చూపాలి. పని లేనివాడిని దేశదిమ్మరిగా ఎంచి 50 డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు, ఐదు రోజుల్లో అది కట్టకపోతే, అతని తరఫున ఆ జరిమానా కట్టినవారి కింద పనికి అప్పగించవచ్చు. ఈ ఒక్క నిబంధనను నిదానంగా చదివితే మిగతా చర్చలో సగం దానంతటదే బోధపడుతుంది.

తరువాత కాంగ్రెస్ చర్చలకు రావాలి. 1866 చట్టాన్ని అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటో చేయగా, ఉభయ సభలూ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో దాన్ని నెగ్గించుకున్నాయి. అయినా రెండు బెంగలు మిగిలాయి. అలాంటి చట్టం చేసే అధికారం కాంగ్రెస్‌కు లేదని ఒహాయో సభ్యుడు జాన్ బింగమ్ వాదించి, దానికి వ్యతిరేకంగానే ఓటు వేశారు. సవరణ మొదటి సెక్షన్‌ను ప్రధానంగా రాసింది కూడా ఆయనే. రేపు సభలో బలాబలాలు మారితే చట్టం రద్దవుతుందని ప్రతినిధుల సభలోని మరో సభ్యుడు థాడియస్ స్టీవెన్స్ హెచ్చరించారు.

ఆపైన సవరణ పాఠాన్ని పక్కన పెట్టుకుని, ఏ వాక్యం దేనికి జవాబో పోల్చి చూడాలి. అమెరికాలో పుట్టినవారు పౌరులన్న తొలి వాక్యం, నల్లజాతీయులు పౌరులు కాజాలరన్న 1857 నాటి సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ తీర్పుకు జవాబు. "ఏ రాష్ట్రమూ" అంటూ మొదలై, రాష్ట్రాలు పౌరుల హక్కులను హరించకుండా నిషేధించే వాక్యం బలం తెలియాలంటే, హక్కుల పత్రం (రాజ్యాంగపు తొలి పది సవరణలు) రాష్ట్రాలకు వర్తించదన్న 1833 నాటి సుప్రీంకోర్టు బ్యారన్ తీర్పు చూడాలి. చాలామంది దాటవేసే ఐదో సెక్షన్ కాంగ్రెస్‌కు అమలు అధికారం ఇచ్చి, బింగమ్ సందేహాన్ని తీర్చింది.

రెండో సెక్షన్‌ను మాత్రం కేవలం ఆదర్శంగా చదవకూడదు. బానిసలను జనాభాలో ఐదింట మూడు వంతులుగా లెక్కించే పద్ధతి పోయి, వారిని పూర్తిగా లెక్కించవలసి రావడంతో, నల్లజాతీయులకు ఓటు ఇవ్వకుండానే దక్షిణాదికి ప్రతినిధుల సభలో సీట్లు పెరిగే పరిస్థితి వచ్చింది. ఓటు నిరాకరిస్తే ఆ మేరకు ప్రాతినిధ్యం తగ్గుతుందని ఈ సెక్షన్ షరతు పెట్టింది.