సైకిల్‌కు, బండికి గొడవ తగ్గాలంటే: వరంగల్ రోడ్ల మీద పనికొచ్చే పద్ధతులు

హన్మకొండ చౌరస్తాలోనో పోచమ్మమైదాన్‌లోనో సైకిల్‌కు, ఆటోకు గొడవైతే తిట్లు ఎన్ని ఉన్నా కారణం చాలాసార్లు ఒక్కటే: అవతలివాడు ఎటు కదులుతాడో ఇవతలివాడికి ముందు తెలియలేదు. కింద చెప్పేవన్నీ ఆ సంగతి ముందే తెలిసేలా చేసే పనులు.

సైకిల్ తొక్కేవాళ్లు

రోడ్డు అంచు నుంచి మూడడుగులు లోపలికి ఉండి తొక్కండి. వెనకాల "పక్కకు పో" అని అరిచినా సరే. తారు మీద తారు పోసీ పోసీ చాలాచోట్ల రోడ్డు పక్క మట్టి కన్నా నాలుగైదు అంగుళాలు ఎత్తుకు వచ్చింది. ముందు చక్రం కిందికి జారగానే చెయ్యి దానంతటదే హ్యాండిల్‌ను కుడికి తిప్పుతుంది. చక్రం ఆ అంచుకు రాసుకుంటుంది గానీ ఎక్కదు, మనిషి మాత్రం కుడివైపుకు, అంటే వెనక బండి ముందుకు పడతాడు. జారితే మట్టిలోనే ఆగి, దిగి, సైకిల్‌ను ఎత్తి రోడ్డు మీద పెట్టుకోండి. ఆగి ఉన్న కార్ల పక్కన కూడా అదే మూడడుగులు, వీలైతే నాలుగు; తలుపు పూర్తిగా తెరిస్తే అంత మేరా ఆక్రమిస్తుంది. ఇంకో సంగతి, అంచుకు అంటుకుని పోయే సైకిల్‌ను చూస్తే వెనకవాడికి సందులోంచి దూరాలనిపిస్తుంది. మూడడుగులు లోపలుంటే ఆగాలో, పక్క లైన్‌లోకి పోవాలో ముందే తేల్చుకుంటాడు. కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి లాంటి ఇరుకు చోట లైన్ మధ్యలోనే పోయి, దిగగానే పక్కకు వచ్చి దారి ఇవ్వండి.

గుంత కనిపిస్తే దాని దాకా పోయి తప్పించడం కాదు. ఇరవై మీటర్ల ముందే వెనక్కి చూసి, కుడిచెయ్యి చాపి, మెల్లగా జరగాలి. వెనక్కి చూస్తే హ్యాండిల్ కూడా తిరుగుతుంది, అందరికీ ఉండే ఇబ్బందే ఇది. ఖాళీ గ్రౌండ్‌లో సున్నంతో గీత గీసి, దాని మీద పోతూ తల తిప్పడం రెండు పూటలు సాధన చేస్తే పోతుంది.

డివైడర్ పెట్టి యూటర్న్ ఎక్కడో ఇచ్చారని రాంగ్ రూట్‌లో రావడం మనవైపు మామూలైపోయింది. గంటకు 15 కిలోమీటర్ల సైకిల్, 40లో వచ్చే బైక్ ఎదురైతే ఆ రెండూ 55తో దగ్గరవుతాయి. ఆ కాస్త దూరం దిగి నడిపించుకుంటూ పోవడమే మేలు.

చీకట్లో వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు తప్పనిసరి. దాంతోపాటు నంబర్ ప్లేట్లు చేసే షాపులో రెండంగుళాల రేడియం టేపు ఒక మీటరు కొనండి: వెనక మడ్గార్డుకు ఎరుపు ఆరంగుళాలు, ముందు ఫోర్కుకు తెలుపు, పెడల్ రాడ్లకు పసుపు. పైకీ కిందికీ కదిలే పసుపును చూడగానే అది సైకిలని డ్రైవర్‌కు అర్థమవుతుంది. దుమ్ము మీద అంటిస్తే వారంలో ఊడుతుంది. ముందు పెట్రోల్ గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, వేలితో గట్టిగా రుద్దండి. పాల క్యాన్లు కట్టేవాళ్లు క్యాన్ల మీదే అంటించాలి, మడ్గార్డు వాటి వెనక కనిపించదు.

బండ్లు నడిపేవాళ్లు

సైకిల్‌ను దాటేటప్పుడు మధ్యలో ఐదడుగులు వదలండి. కొలత ఎలా అంటే, మీ ఎడమ తలుపు పూర్తిగా తెరిచినా సైకిల్‌కు తగలకుండా ఇంకా చోటు మిగలాలి. అంత సందు లేకపోతే వెనకే ఆగండి. 40లో పోయే బండి పది సెకన్లు సైకిల్ వెనక 15లో నడిస్తే పోయేది ఆరు సెకన్లు, నక్కలగుట్ట సిగ్నల్ దగ్గర అవెటూ కలిసొస్తాయి.

హారన్ ముప్పై మీటర్ల వెనక నుంచి ఒక్కసారి, చిన్నగా కొట్టండి. చెవి దగ్గరికొచ్చి గట్టిగా మోగిస్తే ఉలిక్కిపడి తల కుడికి తిప్పుతాడు, తలతో పాటు సైకిలూ మీ ముందుకే వస్తుంది. "ఒర్రుతనే ఉన్న, ఇననే ఇనలే" అనే గొడవలు చాలావరకు ఇట్లనే మొదలవుతాయి.

ఇంకో పెద్ద తప్పు లెఫ్ట్ కట్: సైకిల్‌ను దాటిన వెంటనే ఎడమకు తిరగడం. మూల యాభై మీటర్ల లోపు ఉంటే దాటకండి, సైకిల్ పోయినంక తిరగండి. ఆటో అన్నలకు ముఖ్యంగా ఇదే, చెయ్యెత్తిన ప్యాసింజర్‌ను చూడగానే స్టీరింగ్ ఎడమకు లాగేస్తారు. కారు తలుపు ఎడమచేత్తో తెరిచే అలవాటు చేసుకుంటే ఒళ్లు తిరిగి కళ్లు వెనక రోడ్డు మీద పడతాయి.

పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్ల లోడు ట్రాలీ కన్నా పక్కలకు ఉబ్బి ఉంటుంది. డ్రైవర్‌కు వెనక ఏమీ కనిపించదు. మూలమలుపులో ట్రాలీ చక్రాలు ఇంజన్ కన్నా లోపలికి కోసుకుంటూ వస్తాయి. సైకిల్ వాళ్లు దాని ఎడమ పక్కకు అసలు పోకూడదు. ట్రాలీ వెనక రేడియం అంటించడం ఓనర్ పని.

రోడ్డు మీద వడ్లు

హసన్‌పర్తి, పరకాల, హుజురాబాద్ వైపు పోతే కోతల కాలంలో సగం రోడ్డు వడ్లదో మక్కలదో అవుతుంది. మిగిలిన సగంలో ఎదురెదురు బండ్లు, వాటి మధ్య సైకిల్. రైతుతో కొట్లాడే ముందు ఒకటి తెలుసుకోవాలి: కొనుగోలు కేంద్రంలో వడ్ల తేమ 17 శాతం దాటితే తీసుకోరు, కల్లం లేనివాడికి తారురోడ్డే దిక్కు. "తీసెయ్" అంటే తీయరు. అడిగితే ఒప్పుకునేవి మూడున్నాయి. టార్పాలిన్ అంచుకు రాళ్ల బదులు ఇసుక నింపిన సంచులు పెట్టడం, ఎందుకంటే చీకట్లో మనుషులను పడేసేది ఎక్కువగా ఆ రాళ్లే. మలుపులు, కల్వర్టులు వదిలి ఆరబోయడం. పొద్దుగూకే లోపల వడ్లు కుప్పచేసి పక్కకు జరపడం. ఈ మాట వడ్లు కొనే ఐకేపీ సెంటర్‌లో తూకం దగ్గర, సర్పంచ్ ముందు చెబితే పది మంది ఒకేసారి వింటారు. "పటేలా, రాళ్లు జర తీసి సంచులు పెట్టుండ్రి" అంటే సరిపోయేదానికి ఫొటో తీసి బెదిరిస్తే మర్నాడు ఇంకో రెండు రాళ్లు ఎక్కువ పెడతారు.

పొద్దున గుంపుగా పోయే గేర్ల సైకిళ్ల వాళ్లకూ ఒక మాట. ఇరవై మంది ఒకే వరుసలో పోతే బస్సు దాటలేదు. ఐదుగురు చొప్పున విడిపోయి మధ్యలో యాభై మీటర్లు వదలండి. భద్రకాళి బండ్ మీద వాకర్లు ఉన్నంతసేపు దిగి నడవండి.

ఒక ముక్క రోడ్డును బాగుచేయించడం

ఊరంతా మార్చాలని కూర్చోకుండా, బడి దగ్గర ఒక 300 మీటర్లు ఎంచుకోండి. మూడు రోజులు పొద్దున 8–9, సాయంత్రం 4–5 నిలబడి సైకిళ్లు ఎన్ని, ఎక్కడ బ్రేకులు గట్టిగా పడుతున్నాయో రాసుకోండి. టేపుతో రోడ్డు వెడల్పు, పార్కింగ్ ఎంత లోపలికి వచ్చిందో కొలవండి. ఆ కాగితంతో మొదట ఆటో అడ్డా లీడర్‌ను, మూల మీది షాపు సేట్‌ను కలవండి. అడిగేది ఒక్కటే ఉండాలి, "మూల నుంచి పది మీటర్లు ఖాళీ ఉంచుదాం" అన్నట్టు.

తర్వాత దరఖాస్తు. గల్లీ రోడ్డయితే మున్సిపల్ కార్పొరేషన్, పెద్ద రోడ్డయితే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ), జాతీయ రహదారయితే దాని ఇంజనీర్లు, పార్కింగ్ అయితే ట్రాఫిక్ పోలీస్. తప్పు ఆఫీసుకు ఇచ్చిన కాగితం అక్కడే పడి ఉంటుంది, ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే. ఎవరిదో తేలకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఇచ్చి రసీదు నంబర్ తీసుకోండి.

స్పీడ్ బ్రేకర్ మాత్రం మీరే సిమెంటుతో పోసుకోకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే కొలత ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, కాలనీల్లో పోసేవి అడుగు వెడల్పు గట్లు, సైకిల్ వాడిని ఎగరేస్తాయి. నీళ్లు పోవాలని మోరీ పక్కన రెండడుగులు వదిలితే బైకులన్నీ ఆ సందులోకే, అంటే సైకిల్ ఉండే చోటికే దూరుతాయి.

తగిలితే

బానెట్ మీద కొట్టకండి, వెంటపడకండి. బండి నంబర్, టైం, చోటు రాసుకుని 112కు చెప్పండి, దెబ్బలుంటే 108. అక్కడికక్కడే ఐదొందలు తీసుకుని రాజీ పడొద్దు. మోకాలు, మెడ నొప్పి మర్నాడు గాని బయటపడవు. గుద్దినవాడు బండి ఆపకుండా పోయి, నంబర్ దొరకకపోయినా పరిహారం ఉంది: 2022 ఏప్రిల్ 1 నుంచి చనిపోతే 2 లక్షలు, తీవ్ర గాయాలైతే 50 వేలు. దానికి పోలీస్ కేసు, ఆస్పత్రి కాగితాలు ముఖ్యం. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని ఆర్డీవో ఆఫీసులో అడగండి.