కనుమరుగైన ఇసుకదిబ్బల చిట్టెలుకను బడి పిల్లలకు చూపించే విధానం

ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం కోసం వరంగల్, హనుమకొండ, ములుగు ప్రాంతాల బడుల్లో ప్రదర్శనలు సిద్ధం చేసే ఉపాధ్యాయులకు, అంతరించిన ప్రాణి అనగానే డైనోసార్, డోడో బొమ్మలే ముందుగా తోస్తాయి. వాటి స్థానంలో ఒక చిన్న ఎలుకను ఎంచుకోవాలని నా అభ్యర్థన. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, అట్లాంటిక్ తీరాన వొలూసియా కౌంటీ ఇసుకదిబ్బల మీద బతికిన పాలిపోయిన రంగు చిట్టెలుక (ఇంగ్లిషులో పాలిడ్ బీచ్ మౌస్) అది. 1939లో జంతుశాస్త్రవేత్త హొవెల్ దానిని ప్రత్యేక ఉపజాతిగా వర్ణించారు. 1981లో హంఫ్రీ, బార్బర్ ప్రచురించిన పరిశీలనలో అది అంతరించినట్టే పరిగణించారు. ఇదే జాతికి చెందిన తీరప్రాంతపు ఎనిమిది ఉపజాతుల్లో మిగిలిన ఏడు నేటికీ బతికి ఉన్నాయి.

బొమ్మ గోడకు తగిలించి ఊరుకుంటే పిల్లలకు ఏమీ అందదు. ఆ ఎలుక ఒంటి రంగుకూ అది తిరిగిన నేలకూ ఉన్న సంబంధాన్ని వారు తమ కళ్లతో చూడాలి. అందుకు అనువైన ప్రయోగం ఒకటి ఉంది. 2010లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో శాస్త్రవేత్తలు లేత రంగువి, ముదురు రంగువి క్లే ఎలుక బొమ్మలు చేసి, కొన్నింటిని తీరపు ఇసుక మీద, కొన్నింటిని లోతట్టు ముదురు నేల మీద ఉంచారు. నేలతో కలవని రంగు బొమ్మల మీదే వేటాడే పక్షులు, జంతువుల దాడులు ఎక్కువగా జరిగాయి. మన దగ్గర వాగు ఇసుకా ఉంది, నల్లరేగడీ ఉంది కాబట్టి ఇదే పని మన పిల్లలూ చేయగలరు.

ఎండలు ముదిరితే బొమ్మలు మెత్తబడి గుర్తులు నిలవవు; అందుచేత జనవరిలోనే ఈ పని పూర్తిచేయడం మంచిది. స్టేషనరీ దుకాణాల్లో దొరికే, నూనె కలిపిన రంగుల క్లేనే వాడాలి. చెరువు మట్టి ఆరిపోయి బీటలు వారుతుంది, పిండి ముద్దనైతే చీమలు తినేస్తాయి. తెలుపులో కాస్త గోధుమరంగు కలిపి ఇరవై, ముదురు గోధుమరంగుతో ఇరవై బొమ్మలు చేయించాలి. తోక కాక ఎనిమిది సెంటీమీటర్ల పొడవు సరిపోతుంది, తోకకు నూలు దారం గుచ్చవచ్చు. బొమ్మ ఒళ్లంతా వేలిముద్రలు లేకుండా నున్నగా చేయడం మరువరాదు, ఎందుకంటే ఉదయం మనం వెతకవలసింది ఆ నునుపు మీద పడిన గాట్లనే.

రైతు అనుమతితో పత్తి ఏరిన రేగడి చేను గట్టునొకటి, వాగు ఒడ్డు ఇసుక మేటనొకటి ఎంచుకొని, ఒక్కోచోట రెండు రంగులవీ పదేసి చొప్పున, ఐదారు అడుగుల ఎడంతో, రంగులు మార్చి మార్చి సాయంత్రం వేళ ఉంచాలి. తెల్లవారాక ఉపాధ్యాయుని వెంటే పిల్లలు వెళ్లాలి; పాముల భయం ఉంది కనుక రాత్రివేళ ఎవరినీ పంపకూడదు, బతికున్న ఎలుకలను పట్టనూ కూడదు. పక్షి ముక్కు దిగినచోట మొన తేలిన లోతైన గుంట పడుతుంది. పిల్లి లేదా ముంగిస కొరికితే పళ్ల వరుస కనిపిస్తుంది. పక్కపక్కనే రెండు సన్నని గీతలుంటే మరో ఎలుక కొరికిందని అర్థం, దానిని వేటగా లెక్కించరాదు. నలభై బొమ్మలతో గట్టి నిర్ధారణకు రాలేము. ఫలితం అనుకున్నట్టు రాకపోయినా వచ్చింది వచ్చినట్టే పట్టికలో రాయించాలి. ఈ ఒక్క అలవాటు కోసమైనా ప్రయోగం చేయించదగినదే. చివరకు బొమ్మలన్నీ లెక్కపెట్టి వెనక్కి తేవాలి.

పదో తరగతి పిల్లలకు మరో ముచ్చట చెప్పవచ్చు. ఫ్లోరిడా పడమటి తీరపు చిట్టెలుకల లేత రంగుకు కొంత కారణమైన ఒక జన్యు మార్పును 2006లో గుర్తించారు; అట్లాంటిక్ తీరపు చిట్టెలుకల్లో అది కనిపించలేదు. అంటే ఒకే రకమైన రంగుకు రెండు తీరాల్లోనూ వేర్వేరు దారులున్నాయి.

ఇక, అంత చక్కని రంగు ఉండీ ఈ చిట్టెలుక ఎందుకు మిగలలేదన్న ప్రశ్న వస్తుంది. దీనికి ఒక పెద్ద ట్రేలో తడి ఇసుకతో రెండు వరుసల దిబ్బలు కట్టించండి: ముందువరుస సముద్రం వైపు, వెనుకవరుస పొదలతో లోపలి వైపు. మగ్గుతో నీళ్లు విసురుగా పోస్తే ముందువరుస కొట్టుకుపోతుంది, వెనుకది నిలుస్తుంది. తుఫాను వచ్చినప్పుడు తీరపు చిట్టెలుకలకు ఆశ్రయం ఆ వెనుక దిబ్బలే. దిబ్బల గడ్డి తిరిగి మొలిచాక అవి ముందుకు వస్తాయి. ఇప్పుడు వెనుకవరుస తీసేసి అట్టపెట్టెలతో ఇళ్లు, రోడ్డు పెట్టి మళ్లీ నీళ్లు పోయించండి; ఈసారి చిట్టెలుకకు ఆశ్రయమే మిగలదు. నిర్మాణాలతోపాటు వచ్చిన పెంపుడు పిల్లులు, పోటీకి దిగిన ఇంటి చిట్టెలుకలు కూడా తీరపు చిట్టెలుకలకు ముప్పే అని ఇక్కడ చేర్చాలి.

ప్రదర్శన చీటీ మీద 'జాతి' అని కాక 'ఉపజాతి' అనే రాయించండి, దాని మూలజాతి లోతట్టు పొలాల్లో ఇప్పటికీ ఉంది కనుక. ఫోటోగా పొరుగున బతికి ఉన్న అనస్తేషియా దీవి చిట్టెలుకను పెడితే, అది ఎవరి ఫోటో అన్నది కూడా కింద స్పష్టంగా రాయాలి.